బామ్మర్ది పక్కన ఖాళీ

మా ఆయన మనస్తత్వ శాస్త్రం చదువుకున్నాడు. కాలేజీలో కాదు, ఇంకొకరి కవర్లలో. ఈ మాట అంటే ఆయనకు ఇప్పటికీ ఉడుకుమోత్తనం వస్తుంది. "చదివిండు అను, దొంగిలించిండు అన్నట్టు చెప్పకు" అంటాడు. నేను ముప్పై ఏళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పినదాన్ని. పక్కవాడి పలకలో చూసి రాసేవాణ్ణి ఏమంటారో నాకు ఆయన నేర్పక్కర్లేదు.

ఆయన పేరు ఎల్లస్వామి. వరంగల్లులో పోస్ట్‌మ్యాన్. మేం శివనగర్‌లో ఉండేవాళ్లం, ఆయన ఉత్తరాలు పంచే బీటు కూడా అదే. మా ఎదురిల్లు ఆయన అక్క భద్రమ్మది. వదిన భర్త వెంకట్రాజం ధాన్యం మార్కెట్లో దడువాయి. దడువాయి అంటే రైతు తెచ్చిన బస్తాను కాంటా మీద తూచి, ఇంత అని గట్టిగా చెప్పే మనిషి. ఆయన చెప్పిన అంకె మీద ఇటు రైతూ అటు సేటూ నోరెత్తరు. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. మా ఆయనకు బావ. కానీ డెబ్బై ఆరు నుంచి నాలుగేళ్ల పాటు ఆ బావాబామ్మర్దుల మధ్య మాట లేదు.

ఎందుకు లేదో చెప్తాను. డెబ్బై ఆరులో, మేడారం జాతరకు ముందు, వదినకు టైఫాయిడ్ వచ్చి చావు దాకా పోయి వచ్చింది. ఆమె బతికితే తన ఎత్తు బంగారం ఇస్తానని అన్నయ్య సమ్మక్క తల్లికి మొక్కుకున్నాడు. బంగారమంటే బెల్లం. కాంటాలో ఒకవైపు మనిషి కూర్చుంటే రెండోవైపు బెల్లం ముద్దలు పెడతారు. ఆ ముద్దలు పెట్టాల్సింది ఇల్లాలి తమ్ముడని వాళ్ల ఇంట్లో ఆనవాయితీ. మా ఆయనకు అప్పుడు నర్సంపేట అవతల డ్యూటీ, మా కాపురమూ అక్కడే. తూకం నాటికి బస్సు దిగి నేరుగా బీటుబజారులోని బెల్లం దుకాణానికి వచ్చాడు. అన్నయ్య చిక్కిపోయి, చొక్కా వేలాడుతూ కాంటాలో కూర్చుని ఉన్నాడు. నాలుగు ముద్దలు పెట్టేసరికే ముల్లు కదిలింది. మా ఆయన నోరు ఊరుకోదు కదా.

"చూసిండ్రా! బెల్లం తక్కువ పడాల్నని మా బావ నెల దినాల సంది పస్తులుంటాండు!"

దుకాణం నిండా హమాలీలే. అందరూ మార్కెట్‌లో అన్నయ్యతో పనిచేసేవాళ్లే. పగలబడి నవ్వారు. అన్నయ్య కాంటా దిగి, బెల్లం అక్కడే వదిలేసి పోయాడు. మరునాటి నుంచి మార్కెట్‌లో ఏ బస్తా కాస్త తక్కువ తూగినా "ఇది గూడ పస్తులున్నదా రాజన్నా?" అని అడగడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్లు తూకంలో మాట పడని మనిషి అన్నయ్య. ఆ రోజు నుంచి బామ్మర్ది ముఖం చూడలేదు.

తర్వాత మా ఆయనకు శివనగర్ బీటు పడి, మేం వాళ్ల ఎదురింటికి వచ్చాం. చూడాలి ఆ వేడుక! ఉత్తరం ఉంటే మా ఆయన సైకిల్ గంట మూడుసార్లు కొట్టి, ఆకాశం వైపు చూస్తూ "ఈ ఇంటోళ్లకు ఉత్తరమొచ్చింది" అనేవాడు. అన్నయ్య లోపలినుంచి గోడకు చెప్పేవాడు: "భద్రా, ఎవరో గంట కొడుతాండ్లు, చూడు." మా ఇంట్లో కూర మిగిలితే నేను ఇవ్వాలి, వాళ్ల ఇంట్లో పండగైతే వదిన తేవాలి. ఒకరి మాట ఇంకొకరికి మోసీ మోసీ వదినకు విసుగొచ్చింది. డెబ్బై ఎనిమిది జాతరకు ఆమె కదల్లేదు. తెగేసి చెప్పింది.

"ఆ మొక్కు కొట్లాటల పోయింది. తల్లికి ముట్టలే. మళ్ల ఈన ఎత్తు బంగారం తూచాలె, నా తమ్ముడే ముద్దలు పెట్టాలె. అప్పటిదాంక నేను మేడారం గద్దెల కాడికి రాను. మీరిద్దరు ఇట్లనే ఉంటె నా మొక్కు నాతోనే పోతది."

వచ్చే జాతర ఎనభైలో. రెండేళ్ల గడువు. మగవాళ్లిద్దరూ విన్నారు, ఇద్దరూ ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చున్నారు.

ఇక మనస్తత్వ శాస్త్రం ఎట్లా వచ్చిందంటే, రేడియో నుంచి. ఆదివారం పొద్దున ఎవరో డాక్టరుగారు మనసు గురించి పావుగంట మాట్లాడేవాడు. అన్నయ్య ట్రాన్సిస్టర్ కిటికీలో పెట్టుకుని వినేవాడు. ఇరవై ఏళ్లు బస్తాలు తూచాడు, మనిషి లోపలిది తూచే కాంటా ఏదైనా ఉందా అని ఆయన ఆరాటం. సరిగ్గా ఆ పావుగంటలోనే మా ఆయనకు సైకిల్ తుడవాలని బుద్ధిపుట్టేది. వరంగల్లు మొత్తంలో అంత మెరిసే సైకిల్ లేదు. వారం వారం ఆ రేడియో గొంతు పెరుగుతూ పోయింది. "చెవులు పగులుతానయ్, జర తగ్గియ్యి" అని వదిన మొత్తుకునేది. అన్నయ్య తగ్గించేవాడు కాదు. ఎందుకో మాకెవరికీ తట్టలేదు.

డెబ్బై తొమ్మిది మొదట్లో, ఏదో వారపత్రికలో ప్రకటన చూసి, అన్నయ్య మద్రాసు నుంచి పోస్టులో వచ్చే పాఠాలకు పేరు రాయించుకున్నాడు. నెలకు ఒకటి, మొత్తం పన్నెండు. పాఠం చదివి, చివరి ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే దిద్ది ఎర్రసిరాతో తిప్పి పంపేవారు. పాఠాలు బుక్ పోస్టులో వచ్చేవి. బుక్ పోస్టు కవరుకు నోరు అంటించకూడదని రూలు. రూలు తెలిసిన మనిషి చేతికి నోరు తెరిచిన కవరు వస్తే ఏమవుతుంది? మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి, పచ్చిపులుసు కలుపుకుంటూ, ఎడమచేత్తో కాగితాలు బయటికి లాగాడు.

"అది నీ బావ పాఠం" అన్నాను.

"రూలు ప్రకారం లోపల ఉత్తరం ఉన్నదా లేదా తనిఖీ చేయాలె" అన్నాడు.

ఆ తనిఖీ మరునాటి దాకా సాగింది. ఒక మాట ఒప్పుకుంటాను. నేను ఆ పాఠాలు చదవలేదు. ఆయన పైకి చదివితే వినకుండా ఉండడానికి ఇల్లు పెద్దది కాదు.

మొదటి పాఠం: మనిషికి పైకి కనిపించే మనసు ఒకటి, లోపల ఇంకొకటి. ఆ వారమే గల్లీ చివర మొగిలమ్మ పెద్దమ్మ ఎప్పటిలాగే ఉత్తరం వచ్చిందా అని అడిగింది. ఆమె కొడుకు భివండీలో మగ్గం పని. మా ఆయన సైకిల్ దిగి, గొంతు తగ్గించి, "పెద్దమ్మా, నువ్వు అడిగేది ఉత్తరం కాదు. నీ లోపలి మనసు ఇంకేదో అడుగుతాంది" అన్నాడు.

"అవు బిడ్డా. లోపలి మనసు మనియార్డర్ అడుగుతాంది. ఉన్నదా లేదా?" అన్నది ఆమె.

రెండో పాఠం ఆత్మన్యూనత. తమలో లోపం దాచుకునేవాళ్ల గురించి. వాళ్ల పోస్టుమాస్టరు కాస్త పొట్టి, కుర్చీలో దిండు వేసుకుని కూర్చునేవాడు. ఈయన పోయి, "సార్, పొట్టిగ ఉండుడు తప్పుకాదు, దాన్ని దాచుకునుడే రోగం" అని ఎంతో ప్రేమగా చెప్పాడు. పాపం ఆయనకు మొలల బాధ. మరుసటి సోమవారం నుంచి రైలుగేటు అవతలి రాళ్లదారి కూడా మా ఆయన బీటులో కలిసింది.

నాలుగో పాఠంలో మనిషి ఏదీ ఊరికే మరిచిపోడని ఉన్నది. ఆ రోజు నేను కూరలో ఉప్పు మరిచాను.

"నీకు నా మీద కోపమున్నది. నీకే తెల్వదు" అన్నాడు, చెయ్యి గాలిలో ఆపి.

మరునాడు రెండింతలు వేశాను. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇది ప్రేమా?" అని అడిగాను. ఆ పూట ఆయన ఏ పాఠమూ చెప్పలేదు.

అన్నయ్య జవాబులు రాసి, వాటిని కూడా నోరు తెరిచిన కవరులోనే పెట్టి, అరుగు మీద అరకిలో తూకంరాయి కింద ఉంచేవాడు. ఎగిరిపోకుండా. మాట లేదు కాబట్టి చేతికి ఇవ్వడు. మా ఆయన తీసుకుపోయి డబ్బాలో వేయాలి. మధ్యలో మా ఇల్లు ఉన్నది కదా, తనిఖీ ఉండనే ఉన్నది.

ఐదో పాఠానికి ఒక పరీక్ష. ఒక మాట ఇస్తారు, అది వినగానే మొదట తోచిన మాట దాని పక్కన రాయాలి. కొన్ని వాళ్లు ఇచ్చిన మాటలు, కొన్ని మనం ఎంచుకోవాల్సినవి. అన్నయ్య గుండ్రటి అక్షరాల్లో రాశాడు. వాన, బురద. రైలు, ఆలస్యం. భార్య, భద్ర. అక్కడి దాకా బాగానే ఉంది. తర్వాత ఆయన ఎంచుకున్నవి. బెల్లం, నవ్వులు. తూకం, అవమానం. బామ్మర్ది అని రాసి పక్కన ఏమీ రాయలేదు. ఖాళీ.

మా ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, చెరిపిన గుర్తు ఏమైనా ఉందేమోనని. లేదు.

"తిట్టు రాసినా మంచిగుండు" అన్నాడు. "ఖాళీ ఏంది? ఒక్క తిట్టుకు గూడ పనికిరానా నేను?"

నెల తర్వాత ఆ కాగితం దిద్ది వచ్చింది. బామ్మర్ది పక్కన ఎర్రసిరాతో 'ఖాళీలు వదలరాదు' అని ఉన్నది. మద్రాసులో కూర్చున్న ఆ మాస్టారు మీద మా ఆయనకు గౌరవం పుట్టింది. "చూసినవా, పెద్దమనిషి గూడ అదే అంటాండు" అన్నాడు.

తొమ్మిదో పాఠానికి అన్నయ్య రాసిన జవాబు మా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మిమ్మల్ని మరువలేనంతగా బాధించిన సంఘటన ఒకటి రాయండి అని ప్రశ్న. మా ఆయన కంచం ముందు కూర్చుని హుషారుగా పైకి చదవడం మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలు చదివి ఆగిపోయాడు. కాగితం నా చేతికి ఇచ్చాడు. మిగతాది నేనే చదివాను. అన్నయ్య ఇలా రాశాడు:

'నా భార్యకు టైఫాయిడ్ వచ్చి ఇరవై రెండు దినాలు దవాఖానలో ఉన్నది. మా అమ్మ గిన్నెలో అన్నం తెచ్చేది. నేను బయటకు పోయి కుక్కలకు పెట్టి వచ్చేది. ముద్ద లోపలికి పోలేదు. ఉపవాసం కాదు, మొక్కు కాదు, భయం. నేను రోజూ కాంటా మీద నిలబడి చూసుకునే మనిషిని. అరవై ఒక్క కిలోల వాణ్ణి యాభై రెండుకు వచ్చిన. ఆమె బతికింది. మొక్కు తీర్చే నాడు, నేను బెల్లం మిగలాలని పస్తులున్ననని నా బామ్మర్ది నలుగురిలో అన్నడు. అందరు నవ్విండ్రు. భార్య మీద భయంతో అన్నం మానేసిన అని చెప్తే ఇంకా నవ్వుతారు. అందుకని చెప్పలేదు. వాడు మంచివాడే. నోరే మంచిది కాదు.'

మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నాకు ఆయన మీద జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

"అక్కకు జరమని నాకు కార్డు వచ్చింది విజయా" అన్నాడు. "తగ్గుతదిలే అనుకున్న. సెలవు పెట్టలే. బావ అన్నం మానేసిండు, నేను పోయి జోకు చెప్పిన."

"నాకు చెప్తే ఏం లాభం? గల్లీ దాటి ఆ ఇంటికి పోయి చెప్పు."

"ఏమని పోవాలె? నీ కవరు తెరిచి చదివిన బావా, అందుకే తప్పైందని తెలిసింది అనాల్నా?"

అదీ నిజమే. దొంగతనం ఒప్పుకోకుండా తప్పు ఒప్పుకోవడానికి లేదు. తాను రాసిపెట్టుకున్న తొమ్మిది పాఠాల నోట్సూ తిరగేశాడు. కోపం ఎందుకు వస్తుందో ఉంది, భయం ఎక్కడ పుడుతుందో ఉంది, కలలకు అర్థాలు కూడా ఉన్నాయి. తప్పైంది బావా అని ఎట్లా అనాలో ఒక్క పాఠంలో లేదు. నన్ను బావను చేసి ఎదురుగా నిలబెట్టి రెండు రోజులు సాధన చేశాడు. "తప్పై" అనేదాకా వచ్చేది, తర్వాత దగ్గు వచ్చేది. నాకు నవ్వు వచ్చేది. "నువ్వు నవ్వితె ఎట్ల? బావ నవ్వడు" అని నా మీద ఎగిరేవాడు.

అప్పటికి వదిన ఎవరితోనూ జాతర మాట ఎత్తడం మానేసింది. అదే మాకు ఎక్కువ గుబులు పుట్టించింది.

పదో పాఠంలో ఐదో పాఠం పరీక్షనే మళ్లీ రాయమన్నారు, మనసు ఏమైనా మారిందేమో చూసుకోవడానికి. ఆ రోజు మార్కెట్‌కు సెలవు. అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు, కాగితం అరుగు మీద రాయి కింద ఉన్నది. మా ఆయన ఈసారి ఇంటికి తేకుండా అక్కడే నిలబడి తీశాడు. నేను మా కిటికీలోంచి చూస్తున్నాను. అందులో ఏముందో తర్వాత ఆయనే చెప్పాడు. బెల్లం, తీపి. తూకం, నా పని. బామ్మర్ది, మళ్లీ ఖాళీ.

జేబులోంచి పెన్సిల్ తీశాడు. రసీదుల మీద సంతకాలు తీసుకునే పెన్సిల్. నాలుక మీద ఒకసారి తడిపి, ఆ ఖాళీలో ఏదో రాశాడు. కాగితాన్ని మళ్లీ రాయి కింద పెట్టి, సైకిల్ గంట మూడుసార్లు కొట్టాడు. ఆకాశం వైపు చూడలేదు. తల దించుకుని నిలబడ్డాడు.

అన్నయ్య బయటికి వచ్చాడు. కవరు పోకుండా అక్కడే ఉండడం చూసి, అద్దాలు పెట్టుకుని కాగితం తీశాడు. చాలాసేపు చదివాడు. ఉన్నది మూడే అక్షరాలని నాకు తర్వాత తెలిసింది: గాడిద.

"భద్రా!" అని లోపలికి కేకేశాడు. "మద్రాసోళ్లు జవాబు పంపిండ్రు. ఇంత తొందరగ ఎన్నడు రాలె. దస్తూరి మాత్రం మన గల్లీది."

వదిన చేటతో సహా బయటికి వచ్చింది. అన్నయ్య ఇంకోసారి కాగితం చూసి, తలూపి, నాలుగేళ్లలో మొదటిసారి బామ్మర్ది ముఖంలోకి చూశాడు.

"ఈ జవాబు తప్పు. గాడిద మూట మోస్తది గని, మూట ఇప్పి చదువదు."

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు!

"నీకు... నీకు ఎట్ల తెలుసు బావా?"

"మూడో పాఠం మీద పచ్చిపులుసు మరక నాదా? మీ ఇంట్ల ఏం వండిండ్రో నా పాఠం వాసన చూస్తె తెలుస్తది. ఏడో పాఠానికి చింతకాయ తొక్కు."

"మరి తెలిసి గూడ కవరు ఎందుకు అంటియ్యలే?"

"అంటిస్తె నువ్వెట్ల చదువుతవ్?"

అప్పుడు అర్థమైంది మాకు, ఆ రేడియో గొంతు ఎందుకు పెరిగిందో, ఆ జవాబులు ఎవరికోసం రాశాడో. మా ఆయన సైకిల్ వదిలేశాడు, అది ఉత్తరాలతో సహా గల్లీలో పడింది. సాధన చేసిన మాట ఈసారి దగ్గు లేకుండా వచ్చింది. "తప్పైంది బావా."

వదిన ఏడుస్తూనే ఇద్దరినీ కలిపి తిట్టింది. "ఎదురెదురు ఇండ్లు! ఈ ఒక్క మాట చెప్పుకోను మద్రాసు దాంక పోయిండ్రా? నడుమ నాలుగేండ్ల సంది నేనెంత మోసిన్నో మీ పాఠంల ఉన్నదా?" చేటలోని బియ్యం సగం మా ఆయన నెత్తి మీద పడ్డాయి.

మిగిలిన రెండు పాఠాలూ మా అరుగు మీద ఇద్దరూ కలిసి చదివారు. ఏ ఒక్క విషయంలోనూ ఒప్పుకోలేదు. చివర వచ్చిన సర్టిఫికెట్ మీద వెంకట్రాజం అనే పేరుంది, కానీ అది మా ఇంటి గోడకే ఉంది. ఎక్కువ చదివింది బామ్మర్దే అని అన్నయ్య ఇచ్చేశాడు.

ఎనభై జాతరకు ముందు మళ్లీ అదే బెల్లం దుకాణం, అదే కాంటా. హమాలీలు కూడా వాళ్లే, ఏం జరుగుతుందో చూద్దామని ముందే వచ్చి నిలబడ్డారు. అన్నయ్య ఆ పొద్దున ఇంట్లో ఉన్న సర్వపిండి రొట్టెలన్నీ తిన్నాడు. "ఈసారి కడుపునిండ తిన్న, రాస్కోండ్రి" అని అందరికీ చెప్పి కాంటాలో కూర్చున్నాడు. మా ఆయన ఒక్క మాట మాట్లాడకుండా ముద్దలు పెడుతూ పోయాడు. అరవై నాలుగు కిలోలకు ముల్లు నడిమికి వచ్చి నిలిచింది.

"ఆపు. సరిపోయింది" అన్నాడు అన్నయ్య. మొక్కు తనదైనా ముల్లు మీది కన్ను దడువాయిదే.

మా ఆయన ఇంకో ముద్ద ఎత్తాడు.

"చెప్తాంటె ఇనవడ్తలేదా? తూకమంటె తూకమే. ఎక్కువ పెట్టొద్దు."

"ఎక్కువ గాదు బావా" అన్నాడు మా ఆయన. మార్కెట్‌లో బస్తా తూచి చెప్పేంత గట్టిగా చెప్పాడు, దుకాణం చివర నిలబడ్డవాళ్లకు కూడా వినపడాలని. "పోయినసారి నీ తూకం తొమ్మిది కిలోలు తక్కువ పడ్డది. మా అక్క దవాఖానల ఉంటె అన్నం ముట్టక పోగొట్టుకున్నవ్. నాకు తెల్వక నవ్విన, వీళ్లను నవ్విచ్చిన. ఆ తొమ్మిది కిలోలు గూడ తల్లికి ముట్టాలె."

చిన్న ముద్దలు ఏరి ఒక్కొక్కటే లెక్కగా పెట్టాడు. హమాలీల్లో ఒక్కడూ నవ్వలేదు. ఒక ముసలాయన తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తొమ్మిది కిలోలూ పడేసరికి బెల్లం పళ్లెం నేలకు తగిలింది, అన్నయ్య పళ్లెం గాలిలోకి లేచింది. పైన కాళ్లు వేలాడేసుకుని, కండువాతో కళ్లు తుడుచుకుంటూ, దించండ్రా అని ఆయన అంటూనే ఉన్నాడు. మేం అందరం అలాగే చూస్తూ నిలబడ్డాం, చాలాసేపటి దాకా ఎవరూ దించలేదు.